వీరభద్ర ఒప్పుకోని సవరణ

బేతంచెర్లలో ల్యాప్‌టాప్ మీద పడిన నాపరాళ్ల పాలిష్ దుమ్మును తువ్వాలుతో తుడిచి, దండం పెట్టుకుని గానీ వీరభద్ర పని మొదలుపెట్టడు. ఫైళ్లు చెరిపాక ఖాళీ అయిన జాగాను డిస్క్ నిజంగా వదులుతుందో లేదో చూసే పరీక్ష ప్రోగ్రాములకు ఇతరులు రాసే సవరణలను అతను సరిచూస్తాడు. ఈ పొద్దు కడప నుంచి శివజ్యోతి పంపిన సవరణ, జాగా వదలడం వచ్చునా అని డిస్క్‌ను కాక, దాని మీద ఫైళ్లను సర్దిపెట్టే ఫైల్‌సిస్టమ్‌ను అడుగుతోంది. అది ఏ డిస్క్‌కైనా, రానిదానికి కూడా, వచ్చుననే అంటుంది.

"అన్నా, ఐదుకల్లా మీరు ఒప్పుకోకుంటే మా ఆఫీసోళ్లు నన్ను పనిలోంచి తీసేస్తారంట," అని ఆమె ఫోన్లో ఏడ్చింది. "ఒప్పుకుంటే పరీక్ష అబద్ధం చెప్తాది తల్లీ," అన్నాడు. "మీరు శానా మంచోళ్లనుకుంటి," అనిందామె. అతను సవరణను తిరస్కరించాడు. "ఫోన్ పెట్టొద్దు. డిస్క్‌ను యాడ అడగాల్నో చెప్తా, నువ్వే రాయి," అన్నాడు. అప్పటికే నాలుగు యాభై అయింది. అటువైపు వెక్కిళ్ల మధ్య కీబోర్డు చప్పుడు మొదలైంది.