అమ్మమ్మ చేతికి తెలియని గడ్డం

ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడకు ఆపరేషన్ చేయించుకున్నాక, ఇవాళే మొదటిసారి అల్లవరంలో అమ్మమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడకు చూపు ఆనదు. ఎప్పుడు వెళ్లినా నా గడ్డం పుణికి, ఆ వేళ్లు ముద్దుపెట్టుకుంటుంది. పళ్లకు ఇంకా రబ్బర్లు బిగించి ఉండటంతో నా పలకరింపు ముద్దగా వచ్చింది. ఆవిడ చెయ్యి చాచి గడ్డం తడిమింది. మళ్లీ తడిమింది.

"ఎవరండీ తమరు? మా బుజ్జి అనుకున్నానండి."

"బుజ్జినే అమ్మమ్మా! ఆపరేషనయ్యింది కదా."

"ఆయ్, నువ్వేనా తల్లీ! గట్టిగా పట్టేసుకున్నానే, నొప్పెట్టిందా?"

"లేదు" అన్నాను. నిజమే. ఆవిడ వేళ్లు నా గడ్డం మీద ఉన్నాయని ఎదురుగా బీరువా అద్దంలో చూస్తే గాని నాకు తెలియలేదు.

రక్తప్రసరణ బాగుందట. నరం కోలుకుని గడ్డానికి స్పర్శ రావడానికి మాత్రం నెలలు పట్టొచ్చని, ఏడాదైనా కావచ్చని డాక్టరుగారు తాపీగా చెప్పారు. మొన్న ఇక్కడ పెట్టిన నా కొత్త ఫొటో చూసి భలే ఉన్నావని మీరంతా మెచ్చుకున్నారు, సంతోషం. మీలో ఎవరైనా ఈ ఆపరేషన్ చేయించుకుని ఉంటే ఒక్క మాట చెప్పండి. మీకు స్పర్శ ఎన్నాళ్లకు తిరిగొచ్చింది?

మా అమ్మమ్మకు తొంభై దాటాయి.