దాచిపెట్టిన కంది విత్తనం

"అన్నా, నువ్విచ్చిన కంది మోసం చేసింది. ఒక్కసారి వచ్చి చూడు" అని రైతు మరియమ్మ ఫోన్ చేసింది. పప్పు పంటల్లో కొత్త రకాలు తయారుచేసే చోట నా ఉద్యోగం. నిరుడు ఆమెకు హైబ్రిడ్ విత్తనం ఇచ్చింది నేనే. శనివారం ఉదయం ఏడున్నరకు మైలార్‌దేవ్‌పల్లిలో బస్సెక్కాను.

ఎనిమిదింటికి శంషాబాద్‌లో దిగి, ఇడ్లీ తిని, షేర్ ఆటో పట్టుకున్నాను. అటు వెళ్ళేవాళ్ళు అంచున కూర్చోండి, దిగే విమానాలు బాగా కనిపిస్తాయి. పక్కన కూర్చున్న యాదయ్య అనే పెద్దాయనది మరియమ్మ ఊరే. ఆమె పేరెత్తగానే, "ఆమె ఇచ్చిన కందులే ఏసిన. చేను ఆగమైంది. ఇగ ఆమెతోని మాటల్లేవు" అన్నాడు. నేనెవరినో చెప్పే ధైర్యం చాలలేదు.

తొమ్మిదిన్నరకు మరియమ్మా నేనూ ఆమె చేలో ఉన్నాం. నిరుడు ఒకే ఎత్తున నిలిచిన కంది ఇప్పుడు ఒకటి మోకాలి దాకా, ఒకటి నెత్తిని దాటి! కొన్ని నిండా పూసినా కాయ పట్టలేదు.

"నిరుటి గింజలు బూడిద కలిపి కుండల దాచిన. పురుగు సుత పట్టలె. అడిగినోళ్లందరికి ఇచ్చిన" అంది. ఆ ఊళ్ళో విత్తనం అడిగితే లేదనరు.

"దూరపు రకాలు రెండు కలిపితే ఆ జోరు మొదటి పంటకే, చెల్లె. నేనిచ్చిన గింజలన్నీ ఒక్క తల్లిదండ్రుల పిల్లలే. మళ్ళీ వాటిలో వాటికే కలిస్తే..."

"మేనరికం చేసినట్టా?"

"అంతకన్నా దగ్గరిది."

"మరి నిరుడే ఎందుకు చెప్పలె?"

కాపు చూసి మురిసిపోయి, ఫొటోలు దిగి, అసలు మాట మరిచాను. సిగ్గుతో చచ్చిపోయాను.

పదకొండింటికి ఆమెను వెంటబెట్టుకుని యాదయ్య ఇంటికి వెళ్ళాను. "తప్పు ఈమెది కాదు, నాది" అన్నాను.

"ఆటోల నోరెందుకు లేవలె సారూ?" అన్నాడు. తర్వాత లోపలికెళ్ళి ఒక మూట తెచ్చి మరియమ్మ చేతిలో పెట్టాడు. "నాటు కందులు బిడ్డా. గివి దాచినా ఏం గాదు. వచ్చే వానకు ఏసుకో."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

రెండింటికి శంషాబాద్‌లో తిరుగు బస్సెక్కి, హైబ్రిడ్ సంచులకు కట్టాలని చీటీ మీద రాసుకున్నాను: 'ఈ పంట గింజ మళ్ళీ విత్తొద్దు.' ఇంతే మాట. ఇది చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.