వేళ్లతో నేలని పట్టుకోమన్న టీచరుగారు

మా వీధి చివరింటి డ్రిల్లు టీచరుగారు పోయిన ఆదివారం వెళ్లిపోయారు. చర్చికి బయలుదేరుతూ, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని చెప్పులు తొడుక్కోబోతూ అలాగే వాలిపోయారట. కబురు వినగానే మా అమ్మ పొయ్యి ఆపేసి, "ఓలమ్మా, నా టీచరమ్మ ఎల్లిపోనాదా!" అంటూ గోడకు చేరబడింది. అమ్మ బడి మొహం ఎరగదు. టీచరుగారి దగ్గర చదువుకున్నది నేను. కానీ ఆవిడ ఆఖరి విద్యార్థి మాత్రం అమ్మే.

ఆవిడ దగ్గర డ్రిల్లు చేసిన మీలో చాలామందికి ఆ ఈలే గుర్తుండి ఉంటుంది. నాకు మాత్రం ఆవిడ మా వరండాలో ఆగిన క్షణం గుర్తొస్తోంది.

రెండేళ్ల కిందట అమ్మ స్నానాల గదిలో జారిపడింది. ఎముకలు బాగానే ఉన్నాయి, ధైర్యమే పోయింది. ఆనందపురంలో పూలతోటల గట్ల మీద పరుగులు పెట్టిన మనిషి వీధి గుమ్మం దాటాలంటే వణికిపోయేది. మేమూ తక్కువ తినలేదు. మంచినీళ్లు మంచం దగ్గరికే, అన్నం మంచం దగ్గరికే. వరండా చివరి స్నానాల గదికి తప్ప కాలు కింద పెట్టనిచ్చేవాళ్లం కాదు. అదే ప్రేమనుకున్నాం.

పలకరించడానికొచ్చిన టీచరుగారు వరండా దుమ్ములో అమ్మ పాదాల జాడ చూసి ఆగిపోయారు. అడుగులు లేవు, ఈడ్చిన గీతలున్నాయి.

"ఏటే గుంటా, మీ అమ్మ కాళ్లకి సెలవిచ్చీసినారేటి?" అని నా మీద కస్సుమన్నారు.

లోపలికొచ్చి, అమ్మ ముందు నేలమీద కూర్చుని, ఆమె పాదం ఒళ్లోకి తీసుకున్నారు. అమ్మ చప్పున వెనక్కి లాక్కుంది.

"అమ్మో, మీరు నా కాలట్టుకోడమేటి? పాపం తగుల్తాది."

"మా ప్రభువే శిష్యుల కాళ్లు కడిగినాడమ్మా. నానట్టుకుంటే ఏటైపోద్ది? ఏదీ, ఈ ఏలు కదుపు."

వేలు కదల్లేదు. అమ్మ మొహం చిన్నబోయింది. టీచరుగారు ఆ వేళ్లను నిమురుతూ చాలాసేపు కూర్చున్నారు.

మర్నాటి నుంచి పాఠం. పాత చీర నేలమీద పరిచి, కుర్చీలో కూర్చుని కాలివేళ్లతో దగ్గరికి లాక్కోవాలి. వేళ్లతోనే చింతపిక్కలు పట్టి గిన్నెలో వేయాలి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు లేపాలి. కాస్త కుదిరాక, గట్టు వదలకుండానే ఒంటికాలి మీద నిలబడాలి. మొదటి చింతపిక్క గిన్నెలో టంగుమన్న రోజున టీచరుగారు చప్పట్లు కొట్టారు. బడిలో మమ్మల్ని ఏనాడూ మెచ్చుకోని మనిషి! నాకు కాస్త కుళ్లు కూడా పుట్టింది.

ఆవిడకీ కాళ్లనొప్పులుండేవి. డ్రిల్లు టీచరుకి నొప్పులేమిటని ఏడిపిస్తే, "ముసిలితనం కాళ్ల కాడ్నించే ఎక్కుతాది గుంటా, అక్కడే ఆపాల" అని నవ్వేవారు. అమ్మ భయపడినప్పుడల్లా మాత్రం ఒకటే మాట. "కిందకి సూడకు. ఏళ్లతోటి నేలనట్టుకో. నువ్వట్టుకుంటే అదీ నిన్నట్టుకుంటాది."

అమ్మ గుమ్మం దాటింది. తర్వాత వీధి చివర టీచరుగారింటి దాకా వెళ్లింది. అక్కణ్ణుంచి రోడ్డు ఏటవాలుగా కిందికి దిగుతుంది. "ఓ రోజు నాతోటి సర్చి దాకా రా" అని ఆవిడ పిలిచేవారు. "ఆ దిగువ దిగలేను టీచరమ్మా" అనేది అమ్మ. ఎన్నిసార్లు పిలిచినా అదే జవాబు.

సమాధుల తోట కూడా ఆ దిగువనే ఉంది. టీచరుగారిని సాగనంపే రోజు అమ్మ కోసం ఆటో పిలిచాను. ఎక్కలేదు.

"ఆటోలో ఎల్తే టీచరమ్మ ఏటనుకుంటాది?"

పెట్టె వెనక, అందరికంటే ఆఖరున, నా పక్కన నడిచింది. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ ఏడవలేదు, ముందుకే చూస్తూ దిగింది.

వానకి గొయ్యి పక్క మట్టి మెత్తబడింది. పిడికెడు మట్టి వేయడానికి అమ్మ చెప్పులు విప్పి ముందుకెళ్లింది. నేను చెయ్యి చాచాను. పట్టుకోలేదు. వంగింది, ఒక్క క్షణం ఊగింది, వేళ్లు తడిమట్టిలోకి దిగాయి. నిలబడింది. మట్టి వేసి, దణ్ణం పెట్టి, పక్కకి జరిగింది.

ఆమె నిలబడిన చోట రెండు పాదాల గుర్తులు. వేళ్లన్నీ లోతుగా అచ్చుపడి ఉన్నాయి.