రెండొందల పద్నాలుగు కొలతలు

రహమతున్నీసా అప్పటిదాకా చూసిన మంచల్లా గుంటూరు చేపల మార్కెట్లో బుట్టల మీద పోసే ఐసు ముక్కలే. అయినా 2002లో ఆమెకి దొరికిన ఉద్యోగం, అంటార్కిటికా చుట్టూ సముద్రం మీద తేలే మంచు రోజుకి ఎంత దూరం జరుగుతోందో కొలవడం.

ఆమె నాన్న బుడాన్ మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. కూతురు ఎమ్మెస్సీ లెక్కలు పాసై, ఊళ్ళోనే ఒక కాలేజీ ఫిజిక్స్ విభాగంలో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరిందని యార్డంతా చెప్పుకున్నాడు.

"ఏం పనిరా అమ్మాయిది?" అనడిగాడు తోటి హమాలీ అంకమ్మరావు.

"మంచు కొలుస్తుందంట."

"ఈ ఎండల్లోనా!" అని అందరూ పడీపడీ నవ్వారు. బుడానూ నవ్వాడు. రహమత్ నవ్వలేదు.

పని చెప్పుకోవడానికి తేలికే. ఉపగ్రహం తీసిన రెండు చిత్రాలు, మధ్య మూడు రోజుల తేడా. మొదటిదాన్లో ఉన్న మంచు మచ్చని రెండోదాన్లో పట్టుకుని, ఎటు ఎంత జరిగిందో రాసుకోవాలి. చాలావరకు కంప్యూటరే వెతికేది. అది తడబడిన చోట రహమత్ కళ్ళు పనిచేసేవి. ఎర్రగా అయ్యేవి కూడా.

ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్ రామమూర్తి గారిది ఇంకో దారి. గాలి వేగం చెబితే మంచు ఎటు పోతుందో చెప్పే లెక్క ఆయన కట్టారు. గాలి వేగంలో నూటికి రెండు వంతులు, గాలి పోయే దిక్కుకి కాస్త ఎడమగా. దాన్ని నమ్ముకుని ఓడలు మంచులో ఇరుక్కోకుండా దారి చూసుకోవచ్చని ఆయన ఆశ.

నడిసముద్రంలో ఇద్దరి అంకెలూ కలిశాయి. పేచీ తీరం దగ్గరొచ్చింది. 2003 ఆగస్టులో పద్దెనిమిది రోజులు గాలి ఒడ్డువైపు ఎడతెరిపి లేకుండా వీచింది. లెక్క ప్రకారం మంచు రోజుకి పదిహేడు కిలోమీటర్లు పోవాలి. రహమత్ కొలిస్తే రెండు కూడా దాటలేదు. అలాంటి చోట్లు రెండొందల పద్నాలుగు తేలాయి.

"ఇవి తీసెయ్యమ్మా," అన్నారు రామమూర్తి గారు. "ఒడ్డు పక్కన ఉపగ్రహానికి చూపు మసక. నేలనీ మంచునీ కలిపేస్తుంది. చెడ్డ కొలతలివి."

"ఒక్కోటీ మూడుసార్లు చూశానండి. అక్కడ మంచు పలకలు ఒకదాన్నొకటి తోసుకుని బిగుసుకుపోయి నిలబడిపోయాయి. మీ లెక్కలో గాలీ నీళ్ళే ఉన్నాయి సార్, మంచుని మంచు ఆపే సంగతి లేదు."

ఆయన కళ్ళజోడు తీశారు. "ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను ఈ పని. పదిహేనో తారీఖుకి రిపోర్టు వెళ్ళాలి. తీసేస్తావా, లేదా?"

"అవి తీసేస్తే నా పేరు కూడా తీసెయ్యండి సార్."

తీసేశారు. పేరునీ, నెల తిరక్కుండా మనిషినీ.

ఇంట్లో అమ్మ ఖైరున్నీసా లబలబలాడింది. "పెద్దాయన చెప్పినట్టు చేస్తే నీ సొమ్మేం పోయేదే?"

"తప్పు కొలిచి ఉంటే నేనే చెరిపేసేదాన్నమ్మా. తప్పు కొలవలేదు."

బుడాన్ మాత్రం అసలు గొడవేంటో చెప్పమన్నాడు. కూతురు చెప్పింది విని తల గోక్కున్నాడు. "ఇందులో ఏముంది? గేటు మూసుంటే వెనకనుంచి ఎంతమంది నెట్టినా ముందు బండి కదల్దు. ఆయన ఎప్పుడూ సీజన్లో యార్డుకి రాలేదా?"

ఆ మాటతో రహమత్‌కి వెన్నులో బలమొచ్చింది. కానీ ప్రొఫెసరు గారి అనుమానం కొట్టిపారేసేది కాదని కూడా ఆమెకి తెలుసు. ఒడ్డు దగ్గర ఉపగ్రహం నిజంగానే పొరబడుతుంది. తన కళ్ళు కాక ఇంకో సాక్షి కావాలి.

పొద్దున పూట ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేది. మధ్యాహ్నం అరండల్‌పేటలో షబ్బీర్ నడిపే ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేది. మంచు పలకల మీద పాతి వదిలేసే పరికరాలు ఉంటాయి. పలకతోపాటే కదులుతూ, తామెక్కడున్నదీ రోజంతా కబురు పంపుతుంటాయి. ఆ కబుర్లు ఇంటర్నెట్లో ఎవరైనా చూసుకోవచ్చు. కరెంటు పోతే మళ్ళీ మొదట్నుంచి. నాలుగు నెలలు వెతికితే, అదే ఆగస్టులో, అదే తీరాన ఉన్న పరికరం ఒకటి దొరికింది. పద్దెనిమిది రోజుల్లో అది ఇరవై కిలోమీటర్లు కూడా కదల్లేదు.

కాగితం మీద గీత గీసి చూసుకుని, "అదీ!" అని ఆమె బల్ల మీద గుద్దితే షబ్బీర్ ఉలిక్కిపడ్డాడు.

ఫిబ్రవరిలో రామమూర్తి గారి కాలేజీలోనే సెమినారు. రామమూర్తి గారు తన లెక్క వివరించి, కొలతలతో చక్కగా సరిపోయిందని ముగించారు. వెనక వరసలోంచి రహమత్ లేచింది.

"తీరం దగ్గర రెండొందల పద్నాలుగు కొలతలు తీసేశాక సరిపోయిందండి."

హాలంతా వెనక్కి తిరిగింది. ఎవరో కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. వేదిక దాకా నడిచి, జిరాక్సు కాగితాలు ఆయన ముందే పెట్టింది.

"ఇది ఉపగ్రహం చూసింది కాదు సార్. మంచులో పాతిపెట్టిన పరికరం చెప్పింది. దీనికి చూపు మసకయ్యే పనే లేదు."

రామమూర్తి గారు కాగితం చాలాసేపు చూశారు. కోప్పడతారనుకున్నారందరూ. "ఇది ఎక్కడ దొరికింది నీకు?" అని మాత్రం అడిగారు, చిన్న గొంతుతో.

వారం తర్వాత, లెక్క మళ్ళీ కడదాం రమ్మని ఆయనే కబురు పెట్టారు. ఆమె వెళ్ళింది గానీ కుర్చీలో కూర్చోకుండానే చెప్పింది. "కొలతలన్నీ ఉండాలి. నా పేరు కృతజ్ఞతల్లో కాదు, రాసినవాళ్ళలో ఉండాలి."

"షరతులా?"

"అవునండి."

ఆయన క్షమాపణ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. మంచుని మంచు ఆపే సంగతి లెక్కలో చేర్చడానికి ఇద్దరికీ ఏడాదిన్నర పట్టింది. అన్నాళ్ళూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. 2005లో అచ్చయిన వ్యాసంలో ఆమె పేరు రెండోది.

అచ్చు ప్రతి చేతికొచ్చిన రోజే ఆమె ఇంకో జాబితాతో ఆయన గదికి వెళ్ళింది.

"మన లెక్క ఎనభై ఒక్క చోట్ల ఇంకా తప్పుతోంది సార్."

"ఇవ్వాళైనా సంతోషించనివ్వవా అమ్మాయ్?" అంటూనే ఆయన కుర్చీ జరిపి చోటిచ్చారు.