నాడి చూపించుకున్న అత్తమ్మ

నిన్న సాయంత్రం పుప్పాలగూడలో అక్కావాళ్ల ఫ్లాట్‌లో టీ తాగుతుంటే, సెల్‌ఫోన్‌లో నర్సింగ్ పరీక్ష ప్రశ్నలు నొక్కుకుంటున్న అక్క కూతురు విసుక్కుంది. నాడి చూసేముందు నర్సు మొట్టమొదట ఏం చేయాలి అన్నది ప్రశ్న. గడియారం సరిచూసుకోవాలి అని నొక్కిందట, ఎర్రగా వచ్చింది. చూడబోయే సంగతి రోగికి చెప్పాలి అన్నది సరైన జవాబు. "ఇదీ ఒక ప్రశ్నేనా పిన్నీ? దీనికి మార్కు పోవడమేంటి?" అంది. నీకు మార్కే పోయిందమ్మా, నాకు దీనివల్ల పరీక్షే పోయింది అన్నాను. అది నమ్మలేదు. ఇన్నేళ్లు వార్డుల్లో పనిచేసిన పిన్ని పరీక్ష తప్పిందంటే నమ్మడం కష్టమే మరి.

తప్పిన మాట నిజం. తొంభైల చివర్లో నేను నర్సింగ్ మొదటి సంవత్సరం చదివేటప్పుడు అక్కా బావా మాదాపూర్‌లో రెండు గదుల వాటాలో కిరాయికి ఉండేవారు, నేనూ వాళ్ల దగ్గరే. బావ బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీకి వెళ్లేవాడు, నేను బస్సులు మారి నగరంలోని ఆసుపత్రికి వెళ్లేదాన్ని. పుస్తకం మొత్తం నోటికి వచ్చు. థర్మామీటరు ఎలా విదిలించాలో, దుప్పటి మూలలు ఎలా మడవాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. తీరా ప్రాక్టికల్ పరీక్షలో రోగి ముందు నిలబడేసరికి నోరు పెగల్లేదు. చేతులు మాత్రం చకచకా పనిచేశాయి. ఆ పెద్దాయన బిత్తరపోయి చూస్తుంటే, ఆయనతో ఒక్క మాటైనా మాట్లాడకుండా మంచం మీద అటూ ఇటూ పొర్లించి, పని ముగించి, పక్కకి జరిగాను. పోయింది. నాన్నగారు ఊరి నుంచి ఒకటే మాట చెప్పించారు: మళ్లీ రాసేటప్పుడు కూడా పోతే మాన్పించి కంప్యూటర్ కోర్సులో చేర్పిస్తానని. ఆ రోజుల్లో మా జిల్లాలో ఏ పిల్లకి ఏ దారీ తోచకపోయినా కంప్యూటరే. ఇప్పుడు ఎవరికి చెప్పినా, అయ్యో, కంప్యూటర్లలోకి వెళ్లినా బాగుండేదే అంటారు. కానీ నాకు నర్సునే అవ్వాలని ఉండేది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేదాన్ని, రాత్రి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చేదాన్ని.

ఏడుపు గోడ అవతలికి వినిపించినట్టుంది. ఇంటి ఓనరమ్మని మేమంతా అత్తమ్మ అనేవాళ్లం. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి, మోచేతి దాకా గాజులు, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. చేను రోడ్డు కింద పోయింది, బర్రెల్ని అమ్మేశారు. మొగుడూ కొడుకులూ తెల్లారితే ప్లాట్ల బేరాల మీద తిరిగేవారు. సంగతి తెలుసుకుని, "గీ దానికి ఏడుస్తరా పిల్లా? నన్నే రోగి అనుకో. నాకేం పనుంది గనుక," అని మంచం వాల్చుకుని పడుకుంది. నేను అలవాటు కొద్దీ నోరు మెదపకుండా వెళ్లి మణికట్టు పట్టుకున్నాను. వెంటనే నా చేతి మీద ఒక్కటి పడింది. "ఏందే, చెప్పకుండ చెయ్యి గుంజుతవ్? గాజులు పలుగుతయ్!"

ఆ రోజు నుంచి అత్తమ్మకి చెప్పకుండా వేలు కూడా కదపలేకపోయాను. చెప్పినా ఊరుకునే రకమా! కట్టు కడితే ఎందుకు కట్టావంటుంది, ఒళ్లు తుడుస్తానంటే నీళ్లు చల్లగున్నాయా అంటుంది, థర్మామీటరు నోట్లో ఉండగానే పక్కింటి గొడవ ఎత్తుకుంటుంది. "అండి, అండి అనుడు బందు చెయ్యి, నవ్వొస్తుంది" అని ఒక పక్క వెక్కిరింత. అదే సమయానికి, కొత్తగా లేస్తున్న గుండ్రటి ఆఫీసు భవనాల చుట్టుపక్కల బండలు పేల్చేవారు. హెచ్చరిక ఈల వినబడేది, ఆ వెంటనే ఢామ్మని మోత. అత్తమ్మ నాడి గంతులేసేది, నా లెక్క గల్లంతయ్యేది. "జర ఆగు, గుండె దిగనీ," అనేది. సరే అని చెయ్యి పట్టుకుని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేదాన్ని. నాకు నోరు వచ్చింది అప్పుడే.

మళ్లీ పరీక్ష వచ్చింది. ఈసారి వార్డులో రోగిని ఇవ్వలేదు, బొమ్మని ఇచ్చారు. ఒక కన్ను మూతపడని ప్లాస్టిక్ బొమ్మ. మంచం మీదే దానికి ఒళ్లు తుడవాలి. పరీక్ష చేయడానికి వేరే ఊరి నుంచి వచ్చిన మేడమ్ నవ్వడం ఎరగదని ముందే భయపెట్టారు. తెర వేసి, చేతులు కడుక్కుని మొదలుపెట్టాను. "అత్తమ్మా, ఇప్పుడు మీ కుడి చెయ్యి తుడుస్తానండి." అలవాటు ప్రకారం ఆగాను. "లేదండి, నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి." మళ్లీ ఆగాను. "గాజులకేం కాదండి, నేను చూసుకుంటాగా." వెనకాల అమ్మాయిలు కిసుక్కుమన్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఏం చేస్తున్నానో. మేడమ్ దగ్గరికి వచ్చి బొమ్మ బోడి చేతుల వంక చూశారు.

"ఏ గాజులమ్మా?"

ఇంక కంప్యూటరే అనుకున్నాను.

"సరే, ఇంకా ఏమంటోంది ఆవిడ?"

"వీపు కూడా తుడవమంటోంది మేడమ్," అన్నాను, ఏడుపు గొంతుతో.

"అయితే తుడవండి. తుడుస్తూ ఏం చూస్తారు?"

మంచాన పడ్డవాళ్లకి నడుం కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర ఒత్తిడికి చర్మం ఎర్రబడుతుందనీ, అది చూడకపోతే పుండు పడుతుందనీ, అందుకే పక్కకి తిప్పుతూ ఉండాలనీ గడగడా చెప్పాను. చెబుతూనే బొమ్మని పక్కకి తిప్పాను, తిప్పబోతున్నానని దానికి ముందే చెప్పి. మేడమ్ పెదవి కొస కదిలింది. అది నవ్వేనని అమ్మాయిలంతా తర్వాత నాకు ఒట్టేసి చెప్పారు.

ఫలితాల రోజు మైసూర్‌పాక్ పొట్లం పట్టుకుని మాదాపూర్ సందులో దాదాపు పరుగెత్తాను. నాతో వచ్చి ఫలితం చూసిన బావ అప్పటికే నాన్నగారికి ఫోన్ చేయడానికి బూత్‌కి వెళ్లాడు. అత్తమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. పాసయ్యానండి అంటూ మైసూర్‌పాక్ ముక్క నోట్లో పెట్టాను. సంతోషంగా నమిలింది, నా నెత్తి నిమిరింది. ఆ తర్వాత చేటలోకి చూస్తూ, మెల్లగా, "మరి రేపటి సంది నా చెయ్యి ఎవలు పట్టుకుంటరే?" అంది.

నేను ఆవిడ సాయం పొందుతున్నానని అనుకున్నాను అంతకాలం. ఆ ఇంట్లో ఆవిడని ఎలా ఉన్నావని రోజూ అడిగింది నేనొక్కదాన్నేనని అప్పుడు తెలిసింది. చేట పక్కన పెట్టి, "చెయ్యి పట్టుకుంటానండి" అని చెప్పి మరీ పట్టుకున్నాను. నాడికి ఒక నిమిషం చాలని మా పుస్తకంలో ఉంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్ని వేల చేతులు పట్టుకున్నానో, అన్నీ గడియారం చూస్తూ పట్టుకున్నవే. ఆ సాయంత్రం ఆవిడ చెయ్యి ఎంతసేపు పట్టుకున్నానో మాత్రం నాకు తెలియదు.