ముద్ద మింగనివ్వని నవల

2003లో నేను లండన్ పక్కన హేస్‌లో కేరర్‌ని. పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్ల స్నానం, తిండి, మందులు చూసుకోవడం నా పని. ఎవరింటికి ఎప్పుడు వెళ్లాలో చెప్పే పట్టీని రోటా అంటారు. నా రోటాలో మధ్యాహ్నం ఆఖరి ఇల్లు మార్గరెట్ గారిది. బడిలో ఇంగ్లిషు చెప్పి రిటైరైన మనిషి. ఆ ఏడాదే ఆవిడకు చూపు పోయింది.

ఆవిడకు మిగిలిన సరదా రీడింగ్ గ్రూప్. నెలకోసారి స్నేహితులు ఆవిడ ఇంట్లో చేరి, అందరూ చదివిన ఒక పుస్తకం మీద వాదించుకునేవారు. ఈసారి వంతు అందరూ పొగుడుతున్న ఒక అమెరికన్ నవలది.

"చదవకుండా కూర్చుని తలాడించలేను. మానేస్తానని చెప్పేస్తా," అన్నారు.

"నేను చదివి వినిపించనా?" అన్నాను. అనేశాక భయమేసింది. నలభై దాటాక కౌన్సిల్ వాళ్ల క్లాసులో ఇంగ్లిషు అక్షరాలు దిద్దినదాన్ని.

పని అయ్యాక అక్కడే ఉండి చదివేదాన్ని. తినిపించేటప్పుడు నోట్లో ముద్ద మింగేదాకా రెండో చెంచా ఎత్తకూడదని మాకు ట్రైనింగ్‌లో నేర్పారు. పుస్తకం కూడా అలాగే చదివాను. నాలుగు మాటలు చదవడం, ఆవిడ గొంతు వైపు చూస్తూ ఆగడం.

"ఎందుకు ఆగావు, డియర్?"

"మీరు మింగాలి కదండీ."

ఆవిడ పళ్ల సెట్టు జారేంతగా నవ్వారు.

నవల మొదట్లో ఒకాయన కిటికీ తెరవబోతాడు. పేజీ అయిపోయింది కానీ వాక్యం అవలేదు, కిటికీ తెరుచుకోలేదు. వెలుతురుకు పోలిక మీద పోలిక.

"ఈ రచయిత మింగనివ్వడండీ. చెంచా మీద చెంచా కుక్కుతున్నాడు."

"ఒట్టి డాబు," అన్నారు ఆవిడ ఎంతో సంతోషంగా. రోజూ బిస్కెట్లు తింటూ, ఆయన్ని తిట్టుకుంటూ సగం దాటాం.

అక్కడొక పేజీ వచ్చింది. కిటికీ మనిషి, భార్య పోయాక, ఆమె కోటు ఎవరికైనా ఇచ్చేద్దామని తీస్తాడు. జేబులో బస్సు టికెట్టు కనిపిస్తుంది. కోటు మళ్లీ తగిలించేస్తాడు. అన్నీ పొట్టి వాక్యాలు. నేను ఆగి, మొదటిసారి ఆవిడ గొంతు కాకుండా ముఖం చూశాను. ఆవిడ భర్త కోటు ఇంకా తలుపు వెనకే వేలాడుతోంది.

"ఇంకోసారి చదువు," అన్నారు.

గ్రూప్ రోజు టీ ఇచ్చి వెళ్లబోతుంటే నన్ను కూర్చోబెట్టారు. ఆవిడ స్నేహితుడు జార్జ్ గారు, "ప్రతి వాక్యం ఒక రత్నం," అన్నారు.

"రత్నాలు మింగితే గొంతుకు అడ్డం పడతాయి, జార్జ్. మా పద్మ చదువుతుంది, విను."

నా పద్ధతిలోనే కిటికీ పేజీ చదివాను. సగంలో జార్జ్ గారే పగలబడి నవ్వారు. "చాలమ్మా, ఆ కిటికీ మూసెయ్." తర్వాత కోటు పేజీ చదివాను. ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడు చెప్పు. గొప్ప నవలేనా?" అని మార్గరెట్ గారు నన్నే అడిగారు.

"కిటికీ దగ్గర మనం చూస్తున్నామని తెలిసి రాశాడండీ. కోటు దగ్గర మనల్ని మరిచిపోయాడు."

"నాకు కిటికీ కూడా కావాలి," అన్నారు జార్జ్ గారు మొండిగా. ఇక వాదన మొదలైంది. టీ చల్లారిపోయింది. అందరికంటే పెద్ద గొంతు మార్గరెట్ గారిదే. మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. వచ్చే నెలకు ఇంకా లావు పుస్తకం కావాలన్నారు.

గొంతు చూస్తే మింగారో లేదో తెలుస్తుంది. రుచి తెలియాలంటే ముఖం చూడాలి. ఆ తర్వాత ఎవరికి తినిపించినా నేను ముఖం కూడా చూస్తూ వచ్చాను.