కాపలావాడి అడుగుల చప్పుడు

2003 మార్చిలో మేడ్చల్‌లోని ఒక చిన్న కంప్యూటర్ ఆటల కంపెనీలో సౌండ్ డిజైనరుగా చేరాను. అంతకు ముందు చాలా ఏళ్ళు రేడియో నాటకాల విభాగంలో పనిచేసి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. తలుపు కిర్రుమనడం, వాన, గుర్రపు డెక్కలు, పెళ్ళింట సందడి వంటి చప్పుళ్ళు తయారుచేసి, అవి సరైన మాట దగ్గర పడేటట్టు చూడడం అక్కడ నా పని. కంప్యూటర్ ఆటలంటే ఏమీ తెలియదు. ఆ సంగతి ఇంటర్వ్యూలోనే చెప్పాను. తెలియకపోవడమే మంచిదన్నారు ప్రొడ్యూసరు రఘునందన్ గారు.

మాది తెనాలి. అప్పటికి నాగారంలోని ఒక కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని ఏడాది దాటింది. కంపెనీ వ్యాను కీసర, శామీర్‌పేటల మీదుగా నన్ను మేడ్చల్ చేర్చేది. ఆఫీసంటే హైవే పక్క సందులో రెండంతస్తుల అద్దె ఇల్లు. కింద ప్రోగ్రామర్లు, పైన బొమ్మలు వేసేవాళ్ళు. డాబా మీది సామాన్ల గదికి గోడల నిండా పాత పరుపులు కట్టి దాన్ని నాకు స్టూడియో అన్నారు. మే నెలలో అందులో కూర్చోవడం ఎలా ఉంటుందో వర్ణించను.

ఈ వృత్తిలో హోదాలు కొంచెం వేరుగా ఉంటాయి. డబ్బుకూ గడువుకూ జవాబుదారీ ప్రొడ్యూసరు. ఆటలోని ఒక్కొక్క అంచెను లెవెల్ అంటారు. గోడలు ఎక్కడుండాలి, దీపం ఎక్కడుండాలి, కాపలావాడు ఏ దారిన తిరగాలి అన్నవి నిర్ణయించేది లెవెల్ డిజైనరు. మా లెవెల్ డిజైనరు గ్రేస్. కౌకూర్ అమ్మాయి, ఇరవై ఆరేళ్ళుంటాయి. తండ్రి డేనియల్ గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. గ్రేస్ మాటలు తక్కువ. ఒక గది గీసిందంటే మాత్రం అందులో మనం నిజంగా తిరిగినట్టుండేది.

మేం చేస్తున్న ఆటకు 'నీడ' అని పేరు పెట్టుకున్నాం. నలభైల నాటి ఒక పాత దేవిడీ, అంటే నవాబుల కాలపు పెద్ద భవంతి. అందులో శత్రువులు దాచిన ఒక వైర్‌లెస్ సెట్టు. ఒక గూఢచారిణి లోపలికి వెళ్ళి, ఆ సెట్టును పనిచేయించే క్రిస్టల్ అనే చిన్న ముక్కను ఊడదీసుకుని, ఎవరి కంటా పడకుండా బయటికి రావాలి. ఆమె దగ్గర తుపాకీ లేదు. వెలుగులో నిలబడితే కనిపిస్తుంది, పరుగెత్తితే వినిపిస్తుంది. ఈ రకాన్ని స్టెల్త్ ఆటలంటారు. ఇందులో గెలవడమంటే ఏమీ జరగనట్టే చేసి బయటపడడం.

కంపెనీకి పెట్టుబడి పెట్టినాయన హన్మంతరెడ్డి గారు. శామీర్‌పేట వైపు కోళ్ళ ఫారాలున్న పెద్దమనిషి. ఆగస్టులో ఆయన డెమో చూడడానికి వస్తానన్నారు. డెమో అంటే ఆటలో పూర్తయిన ఒక్క భాగాన్ని నమూనాగా చూపించడం. రఘునందన్ గారు మమ్మల్ని పిలిచి నిదానంగానే చెప్పారు. పెట్టుబడి పెట్టినాయనకు నచ్చకపోతే దేవిడీ అలాగే ఉంచి, గూఢచారిణి చేతికి తుపాకీ ఇచ్చి, దీన్ని కాల్చే ఆటగా మార్చేస్తామని. అలా మారితే గ్రేస్ గీసిన కాపలా దారులన్నీ తీసేస్తారు. ఆమెదీ నాదీ కాంట్రాక్టు ఉద్యోగాలు, అవి అక్కడితో ముగుస్తాయి.

ముందుగా బయటివాళ్ళ చేత ఆడించి చూద్దామనుకున్నాం. మేడ్చల్ బస్టాండు దగ్గర యాదగిరి అనే ఆయనకు గేమ్ పార్లర్ ఉండేది. ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగినవాళ్ళు, కాలేజీవాళ్ళు వచ్చి ఆడుతుండేవారు. యాదగిరి ఒక మెషీను మాకు వదిలాడు. నేనూ గ్రేసూ వెనక కుర్చీల్లో కూర్చున్నాం.

ఫలితం బాగాలేదు. వచ్చినవాళ్ళు గోడ చాటున నక్కడం, మలుపు తిరగడం, కాపలావాడి చేతికి చిక్కడం. మళ్ళీ మొదలు. కాసేపటికి లేచి పక్క మెషీను మీద కారు పందేలకు పోయేవారు. ఒక వెల్డరు నా వైపు తిరిగి, “గిదేం ఆటక్కా? దాక్కునుడేనా? కొట్టుడు లేదా?” అని అడిగాడు. లేదన్నాను. పాపం, నా మీద జాలిపడ్డట్టే చూశాడు.

అందరూ వెళ్ళాక యాదగిరి ఉన్నమాట చెప్పాడు. “మేడం, ఏమనుకోకుండ్రి. గా కాపలోడు ఎటుకెళ్లి వస్తుండో వీళ్లకు సమజైతలేదు. కనవడ్డడంటే దొరికినట్టే. ఊకె దొరుకుడైతే ఎవలాడుతరు?”

తిరిగి వస్తుంటే వ్యానులో గ్రేస్, “వాడు తిరిగే దారి నాకు ఎర్కనే మేడం, గీసింది నేనే గదా. ఆడేటోళ్లకు ఎట్ల తెలుస్తది?” అంది.

ఆ ప్రశ్న నాకు పాతదే. రేడియోలో శ్రోతకు ఏదీ కనిపించదు. విలన్ గదిలోకి వచ్చాడని చెప్పేది అతని చెప్పుల చప్పుడే. మర్నాడు స్టూడియోలో ఆటలోని చప్పుళ్ళన్నీ విడదీసి విన్నాను. సంగీతమూ మాటలూ నేను చేసినవి. అడుగుల చప్పుడు మాత్రం నేను చేరకముందు కొన్న ఒక సీడీలోది. ఒకటే బూటు, ఒకటే నేల. దాన్నే లూపు చేశారు, అంటే తెగకుండా తిరిగి తిరిగి వచ్చేటట్టు కలిపారు. చెక్క మెట్ల మీద నడిచినా, రాతి వరండాలో నడిచినా, దూరంగా ఉన్నా, మూల మీదికి వచ్చేసినా అదే టక్‌టక్. కాపలావాళ్ళందరూ ఒకే మనిషి. గోడ అవతల ఏం జరుగుతోందో చెవికి తెలిసే వీలే లేదు.

అడుగులన్నీ కొత్తగా రికార్డు చేస్తానని రఘునందన్ గారిని అడిగాను. డెమో ముందు ఈ పని ఏమిటన్నారు. ఆడేవాడికి చెవులు ఇవ్వకుండా తుపాకీ ఇచ్చినా లాభం లేదన్నాను. ఆయన వ్యానును మాకు వదిలారు. నాకు అంతకంటే ఏం కావాలి?

దేవిడీ తోటకు కావలసిన ఎండుటాకుల చప్పుడు కోసం శామీర్‌పేట చెరువు పక్కన నీలగిరి చెట్ల కిందికి వెళ్ళాం. గ్రేస్ నడిచేది, నేను మైకు నేలకు దగ్గరగా పట్టుకుని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వెంట వంగి నడిచేదాన్ని. చప్పుడు చక్కగా వస్తోందనుకునేసరికి హకీంపేట వైపు నుంచి శిక్షణ విమానం ఒకటి పైన గిరగిరా తిరిగేది. అది పోయేదాకా చెట్టు కింద కూర్చుని గ్రేస్ తెచ్చిన జామకాయలు తినేవాళ్ళం. మేకలు కాసే ఒక అవ్వ మా తీరు చూసి, “ఏం పోగొట్టుకున్నరు బిడ్డా, నేను గూడ దేవులాడనా?” అని అడిగింది. చప్పుడు కోసం వచ్చామంటే నమ్మలేదు. మేకల్ని మాత్రం దూరంగా తోలుకుపోయింది.

దేవిడీకి రాతి నేల, చెక్క మెట్లు కావాలి. డేనియల్ గారు తాము వెళ్ళే చర్చి పాస్టరుగారిని అడిగి, ఒక మధ్యాహ్నం ఆ రెండూ ఉన్న పాత హాలు మాకు ఇప్పించారు. ఫ్యాన్లు ఆపించాను. ఎత్తయిన కప్పు కావడం వల్ల అడుగు పడితే చప్పుడు ఒక క్షణం నిలిచి కరిగేది. అలాంటి హాలు రేడియోలో నాకెన్నడూ దొరకలేదు. పాస్టరుగారు తోలు బూట్లతో నడిచారు. యాదగిరి పార్లరు తమ్ముడికి అప్పజెప్పి వచ్చి హవాయి చెప్పులతో నడిచాడు. కాపలావాడి కేక కూడా అతనిదే. “ఎవలుర అది?” అని అరిస్తే హాలంతా మారుమోగింది. ఆ తరవాత అతనే సిగ్గుపడ్డాడు.

చివరికి డేనియల్ గారు. బరువైన మనిషి, పాత రైల్వే బూట్లు, ఎడమకాలు కొంచెం ఈడ్చి వేస్తారు. కాపలావాడికి అంతకంటే మంచి నడక దొరకదు. చిక్కల్లా ఒక్కటే. హాలు చివరిదాకా వెళ్ళి వెనక్కు తిరగబోయే ముందు “ఉహ్హూఁ” అని గొంతు సవరించుకునేవారు. నేను రికార్డరు ఆపి, గొంతు కలవకుండా నడవమని కోరాను. “గొంతుల ఏదో అడ్డం వడ్తదమ్మా. మల్ల నడుస్త,” అన్నారు. మళ్ళీ నడిచారు. తిరగబోతూ మళ్ళీ “ఉహ్హూఁ”. మూల దగ్గరికి రాగానే ఆయనకు తెలియకుండానే వస్తోంది. వాళ్ళావిడ బెంచీ మీద నవ్వుతూ, “పెండ్లయినప్పటి సంది చెప్తున్న మేడం. ఇంటడా?” అంది.

మరోసారి నడవమనబోయి ఆగాను. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. అయినా ఆయన ఎప్పుడు తిరగబోతున్నారో నాకు ప్రతిసారీ ముందే తెలుస్తోంది. గ్రేస్ వైపు చూశాను. ఆమె అప్పటికే లేచి నిలబడింది. “మేడం, ఆ గొంతు తియ్యకుండ్రి. గట్లనే ఉంచుండ్రి,” అంది.

ఆ తరవాతి రోజులు నా ఉద్యోగ జీవితంలో హాయిగా గడిచినవాటిలో చేరతాయి. గ్రేస్ దేవిడీ వరండాలను మళ్ళీ గీసింది. నేల మారినచోటల్లా నేను అడుగు మార్చాను. గోడ అవతలి చప్పుడును కొంచెం అణిచాను. ప్రోగ్రామర్లు గొణిగారు గానీ, దూరాన్ని బట్టి ధ్వని తగ్గేటట్టు, కుడివైపువాడు కుడిచెవిలో వినిపించేటట్టు రాసిపెట్టారు. డేనియల్ గారి నడక పెట్టిన ముసలి కాపలావాడు గొంతు సవరించాడంటే వెనక్కు తిరుగుతున్నాడని అర్థం. ఈ సంగతి ఆటలో ఎక్కడా రాసి చెప్పలేదు.

ఆగస్టులో హన్మంతరెడ్డి గారు వచ్చారు. తెల్లని చొక్కా, లుంగీ. రఘునందన్ గారు తాను ఆడి చూపించడానికి కుర్చీ లాక్కున్నారు.

“నువ్వు ఆడుడు నేను జూసి ఏం జెయ్యాలె సారూ? లెవ్వు, నేనే ఆడ్త,” అన్నారు పెద్దాయన. ఆయన అంతకు ముందు మౌసు పట్టుకోలేదు. రఘునందన్ గారు కుర్చీ ఖాళీ చేశారు. గ్రేస్ పక్కన కూర్చుని ఏ మీట దేనికో చూపించింది. నేను హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు సర్ది, నా జత కూడా అదే మెషీనుకు తగిలించుకున్నాను.

మొదట తిన్నగా వెళ్ళి దీపం కింద నిలబడ్డారు. “ఎవలుర అది?” చిక్కారు. రెండోసారి గోడకు ముఖం పెట్టి ఉండగా చిక్కారు. లేచిపోతారేమో అనుకున్నాం. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మూడోసారి స్తంభం చాటుకు చేరి, మౌసు మీద వేలు కదల్చకుండా ఉండిపోయారు. రాతి నేల మీద బూట్ల చప్పుడు ఎడమ నుంచి దగ్గరవుతోంది. రఘునందన్ గారు సాయం చేద్దామని, “ఇక్కడ మీరు...” అని మొదలుపెట్టారు.

“ఉండుండ్రి! వాడొస్తుండు,” అని పెద్దాయన చెయ్యెత్తి ఆపారు.

అడుగులు స్తంభం పక్కకు వచ్చాయి, దాటాయి, దూరమయ్యాయి. “ఉహ్హూఁ” అని వినబడింది. పెద్దాయన భుజాలు బిగిశాయి. గోడ వెంట నీడలోకి ఇంకా జరిగారు. కాపలావాడు వెనక్కు తిరిగి ఆయన ముందు నుంచే నడిచిపోయాడు. అప్పుడు ఒక్కొక్క అడుగే వేస్తూ వైర్‌లెస్ ఉన్న గదిలోకి వెళ్ళి, సెట్టులోంచి క్రిస్టల్ ఊడదీసి, వచ్చిన దారినే బయటపడ్డారు.

“దొరకలే!” అని కుర్చీలోంచి లేచారు. హెడ్‌ఫోన్లు తీయడం మరిచిపోయినందువల్ల తీగ లాగినట్టయి మళ్ళీ కూర్చున్నారు.

మేం నవ్వాం, ఆయనా నవ్వారు. రఘునందన్ గారు ధైర్యం చేసి, తుపాకీ ఉంటే ఇంకా బాగుంటుందేమోనని అడిగారు. ఆయన తల అడ్డంగా ఊపారు.

“కాల్చేటి ఆటలు మా అల్లుడు ఆడుతడు. జూసిన. జోరుంటది, కాదంటలే. గని గిండ్ల వాడు నా పక్కపొంటి పోయిండు. నేను వాని అడుగుల సప్పుడు ఇంటనే ఉన్న, వాడు నన్ను జూడనే లేదు. గదే మజా. తుపాకి ఇచ్చినవనుకో, నేనెందుకు దాక్కుంట, ఎందుకు ఇంట?”

తరవాత గ్రేస్ వైపు తిరిగి, “కోళ్ల షెడ్డుల గూడ గిట్లనే మెల్లగ పోవాలె బిడ్డా. ఒక్క కోడి ఉల్కిపడితే షెడ్డంత ఉల్కుతది. నాకు అలవాటే,” అన్నారు. ఇంకోసారి ఆడతానన్నారు. ఆయన కోసం తెప్పించిన భోజనం చల్లారిపోయింది.

ఆట పూర్తి చెయ్యడానికి ఆయన ఒప్పుకున్నారు. గ్రేస్ కాంట్రాక్టూ నాదీ కొనసాగాయి. మళ్ళీ యాదగిరి పార్లరుకు వెళ్ళాం. ఈసారి మంచి హెడ్‌ఫోన్లు మేమే పట్టుకెళ్ళాం. పాటల స్పీకరు ఆపేయమంటే యాదగిరి ఆపేశాడు. ఆ వెల్డరు కూడా వచ్చాడు. దేవిడీలోంచి బయటపడేదాకా లేవలేదు. లేచాక పక్క సీటువాణ్ణి లాక్కొచ్చి కూర్చోబెట్టాడు.

డేనియల్ గారిని ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంట్లో కూర్చోబెట్టి ఆట చూపించింది గ్రేస్. నేనూ మావారూ వెళ్ళాం. వరండా మూల నుంచి తన గొంతు వినబడేసరికి ఆయన ఉలిక్కిపడి వెనక్కు చూశారు. తరవాత చాలాసేపు నవ్వారు. “నన్ను నేనే దొర్కవడుతున్ననా ఏంది?” అన్నారు. వాళ్ళావిడ మాకు వడ్డిస్తూ, ఇన్నాళ్ళకు ఆ అలవాటు ఒకరికి పనికొచ్చిందని ఒప్పుకుంది.

'నీడ' మరుసటి ఏడాది సీడీగా విడుదలైంది. పెద్ద పేరేమీ రాలేదు. కొన్నవాళ్ళు మాత్రం పూర్తిగా ఆడారని దుకాణాలవాళ్ళు చెప్పారు. నేను రిటైరయ్యేదాకా అదే కంపెనీలో మరికొన్ని ఆటలకు పనిచేశాను. గ్రేస్ లీడ్ డిజైనరైంది.

దాగి ఆడే ఆటను జనం ప్రమాదం కోసం ఆడరు. ప్రమాదాన్ని ముందే పసిగట్టి, తప్పించుకోగలిగినందుకు ఆడతారు. పసిగట్టడానికి తగిన ఆధారం ఇవ్వకుండా పట్టుకుంటే వాళ్ళు ఆటను వదిలేస్తారు, అది వాళ్ళకు ఓపిక లేక కాదు. అందుచేత ఆ తరవాత ఏ లెవెల్ నా దగ్గరికి వచ్చినా, కాపలావాళ్ళను పెంచడమో తగ్గించడమో మాట్లాడేముందు తెర ఆర్పేసి విన్నాను. వాడు ఎక్కడున్నాడో చెవికి తెలిస్తే సంతకం పెట్టాను, తెలియకపోతే డిజైనరుకు తిప్పి పంపాను.